ఉసిళ్ళు లేచిన సాయంత్రాలు, మా లస్కరు మామ

నెల్లూరోళ్ళం చేపలు తినడం గురించి ఎంతసేపైనా మాట్లాడతాం. పులుసులో మామిడికాయ ముక్కలు ఎప్పుడెయ్యాలి, రాత్రి పెట్టిన పులుసు పొద్దుటికి ఎందుకంత రుచి, కొరమీను గొప్పా బొమ్మిడాయి గొప్పా అని పెళ్ళి పందిట్లో కూడా వాదులాడుకుంటాం. పట్టడం మాటకొచ్చేసరికి మాత్రం "వలేస్తారు, పడతాయి" అని తేల్చేస్తాం. ఇక గాలమంటారా, అది పనీపాటా లేనోళ్ళ వ్యవహారమని మా ఇళ్ళల్లో గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి మా అమ్మమ్మ ఎప్పుడూ చూపించే సాక్ష్యం మా చిన్నమామ.

నిజానికి మామకి పనుండేది. అనంతసాగరం చెరువు కింద కాలవల మీద లస్కరు. తూము తాళాలు నడుముకి కట్టుకుని, భుజాన పార వేసుకుని, గట్టు వెంట తిరగడం ఆయన ఉద్యోగం. ఎవరి పొలానికి ఎంతసేపు నీళ్ళు వదలాలో చూడాలి, అర్ధరాత్రి గండి కొట్టేవాళ్ళని కనిపెట్టాలి, పొద్దున్నే ఆ గొడవకి పంచాయితీ చెప్పాలి. రోజంతా నీళ్ళవంక చూసే మనిషికి సాయంత్రం పూట కూడా నీళ్ళే కావాలనిపించడం ఏమిటో మా అమ్మమ్మకి అర్థమయ్యేది కాదు. "జీతమిచ్చి చూడమంటే చూస్తన్నావు సరే, జీతం లేకుండా కూడా చూడాల్నా?" అనేది.

నేను చెప్పేది ఎనభైల మొదట్లో సంగతి. సోమశిల డ్యాం పనులు ఇంకా సాగుతున్న రోజులు. సెలవులొస్తే మా పిలకాయలందర్నీ నెల్లూర్లో బస్సెక్కించేవాళ్ళు. సంగం, ఆత్మకూరు దాటాక కొండలు కనపడతాయి. పెన్న అక్కడే వెలిగొండల్ని కోసుకుని మైదానంలోకి వస్తుంది. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురంలో ఎండి, గండికోట దగ్గర రాళ్ళని చీల్చుకుని, కడప జిల్లా అంతా తిరిగి, సుమారు 600 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలిసే నది అది. నెల్లూరు రంగనాయకుల గుడి దగ్గర చూసేవాళ్ళకి పెన్నంటే ఇసక. మాకు సోమశిల దగ్గర పెన్నంటే బండలు, బండల మధ్య మడుగులు, వానాకాలం పోయాక అడుగు గులకరాళ్ళు లెక్కపెట్టగలిగేంత తేట నీళ్ళు. నెల్లూరు జిల్లాలో కొండ ఏరు లాంటిది ఏదైనా ఉందంటే ఆ కాస్త మేరే.

సంక్రాంతికి నీళ్ళు తేటగా ఉండేవి. కానీ చేపలు పట్టడానికి మామ ఇష్టపడింది దసరా సెలవులు. కారణం ఉసిళ్ళు.

ఈ కాలం పిల్లలకి చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఎండలకి గట్టిపడిన నేల మీద మంచి వాన ఒకటి పడి వెలిసిన సాయంత్రం, చెదపుట్టల్లోంచి రెక్కల పురుగులు వేలకి వేలు లేస్తాయి. అవే ఉసిళ్ళు. లైటు కనపడితే చాలు, మీద పడతాయి. ఊళ్ళో కొందరు పుట్ట పక్కన గుంట తీసి, దాని మీద దీపం పెట్టి, పడినవాటిని చాటలో చెరిగి రెక్కలు పోగొట్టి, పేలాల్లో కలిపి వేయించుకునేవాళ్ళు. నేనూ తిన్నాను, బాగుంటాయి. మొహం చిట్లించుకునేవాళ్ళు రొయ్యల గురించి ఒకసారి ఆలోచించుకోండి.

మనుషులకే అంత సంబరమైతే చేపల సంగతి చెప్పేదేముంది. గాలికి కొట్టుకొచ్చి నీళ్ళ మీద పడిన ఉసిలి లేవలేదు. రెక్కలు తడిసి అతుక్కుపోతాయి, గిరగిరా తిరుగుతుంది, ఆ చుట్టూ సన్నటి వలయాలు లేస్తాయి. కింద నుంచి ఒక మూతి వస్తుంది. టప్. అంతే, వలయాలే మిగులుతాయి. అలాంటి సాయంత్రం మడుగంతా టప్, టప్ అని ఒకటే చప్పుడు. ఎర్రలు గుచ్చిన గాలం ఆ టయానికి వేసి చూడండి, ఒక్కటీ ముట్టదు. పైన విందు జరుగుతుంటే కిందున్న వానపాము ఎవరిక్కావాలి?

మామ ఆ పూట నీళ్ళ మీద తేలే బెండు తీసేసేవాడు, సీసపు గుండు తీసేసేవాడు. అన్నిటికంటే చిన్న గాలపు ముల్లు తీసుకుని, దానికి ఒక్క ఉసిలిని నడుము దగ్గర గుచ్చేవాడు, రెక్కలు చెదరకుండా. బరువు లేని గాలాన్ని దూరం విసరలేం కదా. అందుకని గాలి మన వీపుకి కొట్టే వైపు కూర్చోవాలి. వెదురు కర్రని పైకెత్తి పట్టుకుంటే సన్నటి నైలాన్ దారం గాలికి తేలి ముందుకు పోతుంది. అప్పుడు మెల్లగా దించాలి. ముందు ఉసిలి నీళ్ళకి తగలాలి, దారం తర్వాత తగలాలి. దారం ముందు పడిందా, ఆ చోటు పని అయిపోయినట్టే.

"గమ్మునుండండి. నీ నీడ యాడ పడతా ఉండాదో చూసుకో" అనేవాడు. ఏటిగట్టున మామకి ఉన్న చాదస్తాలన్నీ ఇన్నీ కావు. సూర్యుడు ఎదురుగా ఉండాలి, నీడ వెనక్కి పడాలి. తెల్లచొక్కా వేసుకున్నవాడు చెట్టు చాటున కూర్చోవాలి. మాట్లాడుకుంటే పర్లేదు గానీ బండ మీద కాలు టపటపలాడించకూడదు, అది చేపకి తెలుస్తుంది. మేం నవ్వుకునేవాళ్ళం. పెద్దయ్యాక చదివితే తెలిసింది, చేపకి పక్కల పొడుగునా ఒక గీత ఉంటుందనీ, నీళ్ళలో వచ్చే అదురుని దాంతోనే పట్టేస్తుందనీ.

ఎక్కడ వెయ్యాలన్నది మరో పెద్ద సంగతి. నీళ్ళు ఉరికే చోట వేస్తామా, నిలకడగా ఉన్న చోట వేస్తామా అని అడిగితే, "రెండూ కాదురా. ఉరికే నీళ్ళు నిలబడ్డ నీళ్ళని ఒరుసుకుంటా పోయే గీత ఒకటి ఉంటాది చూడు, ఆడ" అనేవాడు. బండ వెనకాల చూస్తే నిజంగానే ఆ గీత కనపడేది. సన్నటి నురగ, ఎండుటాకులు ఆ దారినే పోయేవి. చేప నిలబడ్డ నీళ్ళలో కష్టపడకుండా ఉంటుంది, ఉరికే నీళ్ళు మోసుకొచ్చే తిండిని పక్కకి జరిగి అందుకుంటుంది. మామ ఐదో తరగతి దాటలేదు. నీళ్ళ సంగతి ఆయనకి చెప్పేవాళ్ళు మాత్రం మా వైపు లేరు.

పడేవి పెద్ద చేపలేం కాదు. ఎక్కువ భాగం పరిగెలు, అరచెయ్యి పొడుగుంటే గొప్ప. అప్పుడప్పుడూ జెల్ల పడేది. జెల్లని ముల్లు నుంచి తప్పించడం మామ ఒక్కడి పని, పిలకాయల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. దాని పక్కముల్లు గుచ్చుకుంటే ఆ సలపరం రాత్రంతా వదలదు. మా అన్నకి ఒకసారి గుచ్చుకుంది, వాడు ఏడ్చిన ఏడుపుకి అటుపక్క పశువులు కాసుకునేవాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు. మొదటి చేప పడగానే మామ దాని పొట్ట చీల్చి, లోపలేముందో వేలితో కదిపి చూసేవాడు. ఉసిళ్ళుంటే ఉసిలి, చీమలుంటే చీమ, మిడతుంటే మిడత. అది తినేదే దానికి పెట్టాలి, మనకి నచ్చింది కాదు. ఇంతే ఆయన శాస్త్రం.

కొరమీనుకి వేరే లెక్క. అది పెన్నలో కంటే చెరువు మూలల్లో, తామరాకుల కింద ఎక్కువ. దానికి గాలి పీల్చే అలవాటుంది, అప్పుడప్పుడూ పైకొచ్చి ఒక గుటక వేసి పోతుంది. ఆ బుడగల్ని బట్టి కప్పపిల్లని గుచ్చిన గాలాన్ని ఆకుల మీద గంతులేయిస్తూ లాగాలి. ఒక్కోసారి నీళ్ళ మీద ఎర్రటి చిన్న చిన్న పిల్లలు గుంపుగా కదులుతూ కనపడేవి, కుంకుమ చల్లినట్టు. అవి కొరమీను పిల్లలు. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి, ఆ టైములో ఏది కదిలినా మీదపడతాయి. పట్టడం మహా సులువు. మామ మాత్రం అక్కడ గాలం వేసేవాడు కాదు, ఇంకెవర్నీ వెయ్యనిచ్చేవాడూ కాదు. "పిలకాయల తల్లిరా" అని ఊరుకునేవాడు. లస్కరు చేతిలో తూము తాళాలుంటాయి కాబట్టి రైతులెవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు.

చేపల్ని చిక్కంలో వేసుకుని ఇంటికి పోతే, సాయంత్రమంతా తిట్టిన అమ్మమ్మే బూడిద తెచ్చుకుని బండ మీద రుద్దడానికి కూర్చునేది. పరిగెల పొలుసు తియ్యడం ఓపికతో కూడిన పని. పెద్దవైతే పులుసు, చిన్నవైతే కారం పట్టించి మూకుడులో వేపుడు. తలకాయలతో సహా నమిలేవాళ్ళం.

తర్వాత ఇరవై ఏళ్ళు గాలం ముట్టలేదు. చదువు, ఉద్యోగం, హైదరాబాదు, తర్వాత చండీగఢ్. అక్కడ మా ఆఫీసులో ఒక పంజాబీ పెద్దాయన, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నాడు, సెలవు దొరికితే హిమాచల్లో కులు వైపు ట్రౌట్ చేపలు పట్టడానికి పోయేవాడు. ఒక దసరాకి నన్నూ లాక్కుపోయాడు. బంజార్ దాటి గుషైనీ వైపు, తీర్థన్ నది ఒడ్డున దించారు. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు వైపు నుంచి దిగే ఏరు అది. చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయాయి.

ట్రౌట్ మన దేశపు చేప కాదు. తెల్లదొరలు తమ సరదా కోసం స్కాట్లాండు నుంచి గుడ్లు ఓడల మీద తెప్పించి, 1900 ప్రాంతంలో కాశ్మీరు ఏళ్ళలో వదిలారు. తర్వాత 1909లో కులు లోయకి వచ్చింది. అటు నీలగిరుల్లోనూ పెంచారు. దానికి చల్లటి, పరుగెత్తే నీళ్ళుండాలి. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలు. మన కొరమీనుని బురదలో పెట్టినా గాలి మింగి బతికేస్తుంది, ట్రౌట్ అయితే మే నెల పెన్నలో ఒక పూట కూడా నిలవదు. చలికాలం అది గుడ్లు పెట్టే కాలం కాబట్టి హిమాచల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పట్టడానికి లేదు. మిగతా రోజుల్లో కూడా మత్స్యశాఖ దగ్గర పర్మిట్ తీసుకోవాలి. లస్కరు లేకపోయినా రూలు రాసి పెట్టారన్నమాట, బాగుంది అనుకున్నాను.

ఇక ఆ ఫ్లై ఫిషింగ్. ముల్లుకి ఈకలూ దారాలూ చుట్టి పురుగులా తయారుచేస్తారు, దాన్నే ఫ్లై అంటారు. దానికి బరువుండదు. మామూలు గాలంలో గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది, ఇక్కడ తలకిందులు. దారమే లావుగా, బరువుగా ఉంటుంది. కర్రని వెనక్కి ఊపి ఒక్క క్షణం ఆగాలి, దారం వెనక పూర్తిగా విచ్చుకున్నాక ముందుకు ఊపాలి. అప్పుడా దారం గాల్లో చుట్టలు విప్పుకుంటూ పోయి, చివరన్న కంటికి కనపడనంత సన్న తీగని, దానికున్న ఫ్లైని మెల్లగా నీళ్ళ మీద దించుతుంది. ఆ ఒక్క క్షణం ఆగడం నాకు మధ్యాహ్నం దాకా రాలేదు. మామ గాలి సాయంతో చేసిన పనిని వీళ్ళు దారం బరువుతో చేస్తున్నారు, మిగతాదంతా ఒకటే.

మాతో వచ్చిన గైడు కుర్రాడు బంజార్ వాడే. ఒడ్డుకి రాగానే కర్ర విప్పలేదు. మోకాలి లోతు దిగి, ఒక గుండ్రాయిని ఎత్తి తిరగేసి నా ముందు పెట్టాడు. రాతి అడుగున అంగుళం కూడా లేని సన్న గొట్టాలు అంటుకుని ఉన్నాయి. ఇసక రేణువుల్ని ఒక్కొక్కటే అతికించి కట్టుకున్న గూళ్ళు. ఒకదాన్ని గోటితో నొక్కితే లోపల నుంచి పసుపచ్చటి పురుగు తల బయటపెట్టింది. కాడిస్ పురుగట. కొన్ని వారాలకి రెక్కలొచ్చి నీళ్ళ మీదకి లేస్తుంది. వాడు దాన్ని చూసి, తన డబ్బా తెరిచి, వరసగా గుచ్చి ఉన్న ఫ్లైల్లోంచి ఒకటి ఏరాడు. నాకు వెంటనే మామ వేలు, చీల్చిన పరిగె పొట్ట గుర్తొచ్చాయి. ఇంగ్లీషువాళ్ళు దీని మీద పుస్తకాలకి పుస్తకాలు రాసుకున్నారు, క్లబ్బులు పెట్టుకున్నారు. మంచిదే. మా మామ దగ్గర డబ్బా లేదు, అంతే తేడా.

వాడు ఏరిన ఫ్లైని చేతిలోకి తీసుకుని చూశాను. మెడ దగ్గర కోడిపుంజు ఈక చుట్టి ఉంది, దాని పోచలు నిక్కబొడుచుకుని నీళ్ళ మీద తేలడానికి కాళ్ళలా పనికొస్తాయట. ఒంటికి చుట్టింది మాత్రం ఆకుపచ్చగా, కాస్త కంచు రంగుగా మెరుస్తోంది. నెమలీక పోచ. దాన్ని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. వెలిగొండల కింద నెమళ్ళకి కొదవ లేదు, రాలిన ఈకలు ఏరుకొచ్చి మామ వాటి తెల్లటి కాడల్ని కోసి, మైనంతో చివర మూసి, బెండుగా వాడేవాడు. పోచల్ని మేం పుస్తకాల్లో పెట్టుకునేవాళ్ళం. పోచలతో కూడా చేప పడుతుందని తెలిస్తే మాకు ఒక్కటి కూడా మిగిల్చేవాడు కాదు. మన దక్షిణాది అడవికోడి మెడ ఈకలకైతే ఒకప్పుడు ఇంగ్లండులో మహా గిరాకీ. ఎగుమతి నిషేధించాక గానీ ఆ కోడికి ఊపిరాడలేదు. వాళ్ళ కర్రలు కూడా మన వెదురే ఒకనాడు. చైనా వెదురు రాకముందు పందొమ్మిదో శతాబ్దంలో కలకత్తా రేవు నుంచి వెళ్ళిన వెదురుని పేళ్ళుగా చీల్చి, ఆరు పలకలుగా అతికించి కర్రలు చేసుకునేవాళ్ళు.

మధ్యాహ్నం దాటాక బండ వెనక నురగ గీత చూసుకుని, ఎగువకి విసిరి, ఫ్లైని ప్రవాహంతో పాటు రానిచ్చాను. దారం లాగేస్తే ఫ్లై నీళ్ళని గీరుకుంటూ పోతుంది, ఏ పురుగూ అలా పోదు కాబట్టి చేప చూసి ఊరుకుంటుంది. అందుకని దారాన్ని మధ్యమధ్యలో ఎత్తి ఎగువకి వేస్తుండాలి. రెండు బండల మధ్యకి వచ్చేసరికి కింద నుంచి మూతి లేచింది. టప్. అదే చప్పుడు.

బ్రౌన్ ట్రౌట్. జానెడు పైన ఉంటుంది. తేనె రంగు ఒళ్ళు, పక్కల నల్లచుక్కలు, వాటి మధ్య ఎర్రచుక్కలు, ఒక్కో ఎర్రచుక్క చుట్టూ లేత రంగు వలయం. పట్టుకోబోతుంటే గైడు ఆపి, చేతులు ముందు నీళ్ళలో తడుపుకోమన్నాడు. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోయి, చేపకి జబ్బు చేస్తుందట. తర్వాత దాన్ని నీళ్ళలోనే ఎగువకి మొహం పెట్టి పట్టుకున్నాం. కాసేపు దవడలు ఆడించి, జారిపోయింది. పట్టిన చేపని వదిలెయ్యడం నా జన్మలో అదే మొదలు. అమ్మమ్మ ఉండుంటే ఆ రాత్రికి నాకు అన్నం పెట్టేది కాదు.

ట్రౌట్ తినలేదా అంటే తిన్నాను, దాబాలో, పెంపకం చేప, ఆవనూనెలో వేయించింది. ముళ్ళు తక్కువ, మెత్తన, మంచి చేపే. కానీ చింతపండు పులుసులో, మామిడికాయ ముక్కల పక్కన అది నిలబడే రకం కాదని నా అభిప్రాయం. దీని మీద ఎవరితోనైనా వాదనకి సిద్ధం.

సోమశిల దగ్గర మేం కూర్చున్న బండలు ఇప్పుడు పాతచోట లేవు. డ్యాం పూర్తయి 78 టీఎంసీల చెరువు వెనక నిలబడింది. దిగువన గేట్లెత్తితే నది, దించితే గుంటలు. ఇసక లారీలు తవ్విన గోతులు కొన్ని, 2021 నవంబరు వరద పెట్టిన కోతలు కొన్ని. ఆ వరదకి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది, మా బండలు ఎంత. చేపలూ మారాయి. ఎక్కడ గాలం వేసినా జిలేబీలే. ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ చేప చెరువు, కాలవ, డ్యాం అన్నీ ఆక్రమించుకుంది. పరిగెలు బజార్లో కనపడితే ఇప్పుడు ఫోటో తీసుకోవాలనిపిస్తోంది.

మామ రిటైరై ఆత్మకూరులో కూతురు దగ్గరుంటున్నాడు. మోకాళ్ళు సహకరించవు. పోయిన దసరాకి ఫ్లై కర్ర తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టాను. కూర్చున్నచోటే అటూ ఇటూ ఊపి, "బరువే లేదు కదరా" అన్నాడు. డబ్బాలో ఫ్లైలన్నీ ఒక్కొక్కటే తీసి, కళ్ళజోడు పైకి జరిపి చూశాడు. చెదపురుగుని పోలింది ఉంటే దాన్ని పట్టుకుని ముల్లు వంపు ఎక్కువైందనీ, రెక్కలు పైకి కాకుండా పక్కలకి పడుకోవాలనీ చెప్పాడు. ఆయన మనవడు పదో తరగతి. వాడా కర్ర పట్టుకుని కాలవకి పోయి, సాయంత్రానికి రెండు జిలేబీలు తెచ్చాడు, నా కంటే తొందరగా విసరడం నేర్చేసుకున్నాడు.

"జిలేబీకి ఇంత ఖరీదు కర్ర యెందుకురా, మైదా ముద్ద చాలు" అని మామ విసుక్కున్నాడు గానీ, వాడు వినే రకం కాదు. పక్కింటి పుంజు వెంట పడి ఈకలు పీకుతున్నాడని మొన్న ఫోన్లో మామ కూతురు కంప్లైంటు. పుంజు యజమాని ఇంటికొచ్చి గొడవ చేశాడట. ఈకలు చుట్టడానికి సన్నదారం పంపమని వాడు నాకు మెసేజ్ పెట్టాడు, కొనాలి.